ఫిరంగి గురి

ఫిరంగి మూతి మళ్ళీ జరిగింది.

మొన్న కోట ద్వారం వైపు చూసింది. నిన్న వేపచెట్టు వైపు. ఇవాళ తిన్నగా మ్యూజియం ఆఫీసరు గారి క్వార్టర్స్ వెనక గది కిటికీ వైపు చూస్తోంది.

ఆ గది ఆఫీసరు బావమరిదిది. నాలుగు రోజులు ఉండి పోతానని వచ్చి మంచం, ఫ్యాను, టీవీ రిమోటు వరసగా స్వాధీనం చేసుకున్నాడు. ఎప్పుడు వచ్చాడో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

అతను కాపలావాడిని నిలదీశాడు. "దీన్ని ఎవరయ్యా జరుపుతున్నది?"

"యుద్ధంలో శత్రువుల దగ్గర పట్టుకొచ్చిన ఫిరంగి బాబూ. పాత పగలు ఊరికే పోవు."

"నాతో దానికేం పగ?"

"దానికి మీరూ మేమూ అని ఏం తెలుస్తుంది? ఎదురుగా ఎవరు పడుకుంటే వాళ్ళే."

బావమరిదికి మాత్రం పగ ఎవరిదో అర్థమైపోయింది. ఉడికించిన గుడ్లన్నీ తనే తినేసిన రోజున బావ చూసిన చూపు కళ్ళముందు మెదిలింది.

భోజనాల దగ్గర బయటపెట్టేశాడు. "అక్కా, బావ నన్ను లేపేయాలని చూస్తున్నాడు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. మొగుడి వైపు తిరిగింది. "ఉన్నది ఒక్కగానొక్క తమ్ముడు. వాడు నాలుగు మెతుకులు తింటే మీ సొమ్మేం పోయింది?"

"నీ మీద ఒట్టే. అసలే నడుం నొప్పి, గ్యాస్ బండే జరపలేను. ఫిరంగి జరుపుతానా?"

"దొంగ ఎక్కడైనా నేనే దొంగనని ఒప్పుకుంటాడా బావా?" అన్నాడు బావమరిది. అక్క అతని కంచంలో ఇంకో రెండు గరిటెల అన్నం వడ్డించి, తల నిమిరింది. ఆఫీసరు చేయి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు పొద్దున బావమరిది కిటికీ తెరిచాడు. ఫిరంగి ఏకంగా గోడ దగ్గరకే వచ్చేసింది. దాని మూతిలోంచి సన్నగా పొగ వస్తోంది.

అతను కేక కూడా వేయలేదు. సంచీ చంకన పెట్టుకుని, ఒక చెప్పు కాలికీ ఒక చెప్పు చేతిలోనూ ఉండగా, కోట గేటు దాకా పరుగెత్తి దొరికిన ఆటో ఎక్కేశాడు.

అక్క వెనకాలే వచ్చి, ఆటో మలుపు తిరిగేదాకా కొంగుతో కళ్ళొత్తుకుంటూ నిలబడింది.

కాపలావాడు ఫిరంగి మూతిలో చేయి పెట్టి, సగం కాలిన దోమల చుట్టను బయటికి లాగాడు. అప్పుడే బయటికొచ్చిన ఆఫీసరు దాన్ని చూసి, గేటు దగ్గర్నుంచి వస్తున్న భార్య వైపు తిరిగాడు. ఇంటికెళ్ళాక తన గతేమిటో ఆయనకు తెలుసు.

"ఏమే, పిల్లల సాక్షిగా చెబుతున్నా. ఇది నా పని కాదే," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె కొంగు దులిపి నడుముకు దోపుకుంది.

"మీది కాదని నాకు తెలీదా? ఆ ఫిరంగిని నెట్టీ నెట్టీ నా రెక్కలు పడిపోయాయి."