పండక్కి పూసిన నూరువరహాలు

"ఎవరయ్యా నువ్వు? ముందా కత్తెర కింద పడెయ్!"

రాజకుమారి అరుపుకి సమాధుల తోటలో కాకులు గుప్పున లేచాయి. బందరులో ఇరవై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన గొంతు మరి.

పెద్దాయన కత్తెర కింద పెట్టాడు. చుట్టూ నూరువరహాల కొమ్మలు, వాడిపోయిన పూలగుత్తులు. నడుమెత్తు మొక్క మోకాలెత్తుకి దిగిపోయింది.

ఆ మొక్క బెన్నీ సమాధి తలాపున ఉంది. రెండేళ్ళ కిందట కొడుకుని పూడ్చిన వారానికే ఎవరో నాటారు. చర్చి కుర్రాళ్ళే అయ్యుంటారనుకుంది.

ఒక్కగానొక్క కొడుకు. గుడివాడ నుంచి బండి మీద వస్తూ పెడన దగ్గర రోడ్డు పక్కన ప్రాణం వదిలాడు. "నీకొకటి తెస్తున్నానమ్మా, ఏంటో చెప్పను," అని ఫోనులో అన్నదే ఆఖరి మాట. ఆ తెచ్చేదేమిటో ఎవరికీ దొరకలేదు.

చివరి ఘడియలో వాడి పక్కన ఎవరున్నారని ఆమె అడగని మనిషి లేడు. తెలియదన్నారు అందరూ. నా బిడ్డ దిక్కులేనివాడిలా పోయాడా అన్న బాధే ఆమెని నిలువునా తినేస్తోంది.

"కొత్త చిగురుకే పూలొస్తాయమ్మా," అన్నాడు పెద్దాయన మెల్లగా. "ఇప్పుడు కత్తిరిస్తేనే నవంబరులో సమాధుల పండక్కి గుత్తులు గుత్తులుగా పూస్తుంది."

"నీ వేళ్ళకా ఎరుపేంటి?"

"కలంకారీ అద్దకం పనండి. మాది పెడన."

"అదీ సంగతి! రంగులు ఉడకేసుకోడానికి నీకు నా కొడుకు మీద పూలే దొరికాయా?"

పెద్దాయన మొహం పాలిపోయింది.

"అంత మాటనకండమ్మా. ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయని కాలవ నీళ్ళు తెచ్చాను. మీరు పోసే బోరు నీళ్ళు ఉప్పు. ఈ మొక్కకి పడవు. నెలకోసారి పుల్లమజ్జిగ పల్చగా కలిపి పోశారంటే..."

"నాకే పాఠం చెప్తున్నావా?"

"కాదమ్మా. బాబు గురించి ఒక్క మాట చెప్పాలి. ఎప్పట్నుంచో..."

"నా బిడ్డ ఊసెత్తావంటే మర్యాదగా ఉండదు! ఇంకోసారి ఈ గేటు లోపల కనబడ్డావో, పోలీసుల్ని పిలుస్తా."

ఆయన కత్తెర తీసుకున్నాడు. నీలం క్యానులో మిగిలిన నీళ్ళు మొదట్లో పోసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

రాజకుమారి ఆ బోడి మొక్క పక్కన కూలబడి ఏడ్చింది. కన్నబిడ్డని రెండోసారి పోగొట్టుకున్నట్టే అనిపించింది పిచ్చితల్లికి.

దసరా సెలవులు వచ్చేసరికి మొక్క నిండా లేత ఎర్రటి చిగుళ్ళు. మరి కొన్నాళ్ళకి ప్రతి చిగురు కొసనా మొగ్గల గుత్తి! రాజకుమారి వాటిని తడిమి చూసింది. ఎంతెంత మాటలన్నాను ఆ మనిషిని అని నొచ్చుకుంది.

కాపలా ఉండే కృపానందాన్ని అడిగింది. "ఆ పెడన పెద్దాయన మళ్ళీ కనిపించాడా?"

"తెల్లారగట్లే వచ్చి నీళ్ళు పోసి పోయేవాడు టీచరమ్మా. మీ కంట పడకూడదనేవాడు. వారమైంది, జాడ లేదు."

"పండక్కి తప్పకుండా వస్తాడులే. క్షమాపణ అడగాలి."

సమాధుల పండగ రోజు బందరు లడ్డూ అరకిలో కట్టించుకుని మరీ వెళ్ళింది. తోటంతా కొత్త సున్నం వాసన, కొవ్వొత్తుల వెలుగు. బెన్నీ తలాపున ఆకు కనిపించకుండా ఎర్రగా విరగబూసింది మొక్క.

దాని పక్కన నీలం క్యాను.

"వచ్చారా! నన్ను క్షమించండి," అంటూ గబగబా వెళ్ళింది.

క్యాను పట్టుకున్నది ఆయన కాదు. బోసి నుదురుతో ఒక పెద్దావిడ.

"నా పేరు సావిత్రి అమ్మా. ఈ మొక్కకి నీళ్ళు పోసే గోవర్ధనరావు మా ఆయన. మొన్ననే పెద్ద కర్మ అయింది. గుండె నొప్పి."

లడ్డూల పొట్లం రాజకుమారి చేతిలోంచి జారిపోయింది.

"పోయే ముందు రోజు కూడా, పండక్కి పూస్తుంది, నీళ్ళు మాత్రం మానొద్దన్నాడు. అందుకే వచ్చాను."

"ఆయనకెందుకండీ ఈ మొక్క మీద అంత ప్రాణం?"

సావిత్రి తెల్లబోయి చూసింది. "మీకు చెప్పలేదా? చెబుతానని ప్రతి ఆదివారం బయల్దేరేవాడే! దూరం నుంచి మీ మొహం చూస్తేనే నోరు పెగిలేది కాదంట. ఇది మీ బాబు బండి మీద తెస్తున్న మొక్కే తల్లీ. 'మా అమ్మకిచ్చెయ్యండి' అని ఈయన చేతిలో పెట్టాడంట."

రాజకుమారి సమాధి అంచు పట్టుకుంది. "అంటే... నా బిడ్డ దగ్గర..."

"ఎవరూ ఆగకపోతే ఈయనే సైకిలు పడేసి పరిగెత్తాడంట. అంబులెన్సు వచ్చేదాకా మీ బాబు తల ఈయన ఒళ్ళోనే ఉందమ్మా."