ఎదురు బరువు

“మళ్లీ ఊగింది. దిగండి బావా!”

ప్రొఫెసరు ఉసూరుమంటూ తిరుగుడు వేదిక మీది కుర్చీలోంచి దిగాడు. ఈ వారంలో ఇది అయిదోసారి.

వేదిక నడుమ నిలువెత్తు పీపా. అందులో ఎముకలు కొరికే చలికి వెయ్యింతల చలిలో, ఒకదాని మీద ఒకటిగా రెండు అతిద్రవాలు. రాపిడంటే ఏమిటో ఎరగని రకాలు. తిప్పితే ఒకటి తిరుగుతుంది, రెండోది ఉలకదు పలకదు. వేగం ఒక హద్దు దాటిందా, మధ్య పొర అలలెత్తి తిరిగేదాని సుడులు రెండోదాంట్లోకి దూకుతాయి.

ఆ హద్దు ఎంతో లెక్కగట్టింది ఆయన భార్య. అది రుజువయ్యేలోపే మనిషి పోయింది. వేదిక ఏ కాస్త ఊగినా పొర ముందే చెదురుతుంది. సాయంత్రంలోగా తేలకపోతే ఆవిడ లెక్క తప్పని రాసి గదికి తాళం వేస్తామని డైరెక్టరు తెగేసి చెప్పాడు.

పీపాతోపాటే తిరుగుతూ కొలతలు చూడ్డానికి ఇటు ఆయన కుర్చీ, అటు ఆవిడది. ఇద్దరూ చెరోపక్క కూర్చుంటే వేదిక నిలకడగా తిరిగేది. ఆవిడ పోయాక ఆ కుర్చీలో సరిగ్గా ఆవిడంత బరువు ఇనుప దిమ్మలు పేర్చారు.

“అక్క వైపే ఒరుగుతోంది బావా,” అన్నాడు మెకానిక్కయిన బావమరిది.

“మీ అక్కకి నామీద కోపంరా. ఆయాసంగా ఉందంటే, ఈ ఒక్క ప్రయోగం అవనీ, ఆస్పత్రికి వెళ్దామన్నాను. అందుకే పగబట్టి చెడగొడుతోంది.”

“ఊరుకోండి! అక్కకి కోపమొస్తే ఊపడాలుండవు, మన చెవులు చిల్లులు పడతాయంతే. మీరు మొహం కడుక్కుని రండి. అటువైపు దిమ్మలు కొన్ని తగ్గించి చూస్తా.”

ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు. పీపా అడ్డం, అవతలి కుర్చీ కనబడదు. బావమరిది కొన్ని దిమ్మలు తీసి తిప్పడం, ఊగితే ఆపి మరికొన్ని తీయడం. చివరికి వేదిక సాఫీగా కదిలింది. వేగం పెరిగింది. ఎక్కడా చిన్న కుదుపు లేదు. తెరమీద పొర అద్దంలా నిలిచి, ఆవిడ చెప్పిన వేగం దగ్గరే అలలెత్తింది.

“గెలిచిందిరా మీ అక్క!” చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడాయన.

బావమరిది వేదిక ఆపి, మొహం పాలిపోయి నిలబడ్డాడు.

“ఎన్ని దిమ్మలు తీశావురా?”

“అన్నీ తీసేస్తే గానీ నిలవలేదు బావా.”