పడుకోమన్న కాకి, నడవమన్న కొంగ

చెరువు ఎండిపోతోందని మందంతా ఏటి దారి పట్టింది. మోకాళ్లు పట్టేసిన ముసలి గేదె మాత్రం బురదలోంచి లేవలేకపోయింది. ఆ బురద కూడా రేపోమాపో బీటలు వారుతుందని దానికి తెలుసు.

కాకి దాని వీపెక్కి పిడుదులు ఏరుకుతింటూ, "కదలకు పెద్దమ్మా, నొప్పి ముదురుతుంది. నేను గోకుతాగా, పడుకో" అంది. నిజంగానే హాయిగా ఉంది. గేదె కళ్లు మూతలు పడుతున్నాయి.

"పడుకుంటే కీళ్లు కొయ్యబారిపోతాయత్తా! లేచి మెల్లగా నడు!" అని గట్టు మీంచి కొంగ అరిచింది.

"నువ్వు నడిస్తే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, అది మింగుతుంది. అదీ దాని వైద్యం!" అని కాకి ఎద్దేవా చేసింది.

గేదె ఒక కన్ను తెరిచింది. "మరి నీ వైద్యమో? నా వీపే నీకు విస్తరి. ఇద్దరూ నా మీద బతికేవాళ్లేనే! కాకపోతే దాని కడుపు నిండాలంటే నేను నడవాలి, నీ కడుపు నిండాలంటే నేను పడుండాలి."

లేచింది. మొదటి అడుగుకే మోకాళ్లు కలుక్కుమన్నాయి. పళ్లు బిగించి రెండో అడుగు వేసింది. కాకి తిట్టుకుంటూ ఎగిరిపోయింది. కొంగ మిడతలు మింగుతూ వెంట నడిచింది.

ఏటి నీళ్లు గిట్టలకి తగిలాక గేదె వెనక్కి తిరిగి, "బాగా మెక్కావుగా! రేపు పొద్దున్నే రా, మళ్లీ నడవాలి" అంది.