కొంగ టీచరు క్యాన్వాసింగు

అడవిలో నక్క ఎగరడం నేర్పే బడి పెట్టి, కొంగను టీచరుగా పెట్టుకుంది.

పిల్లలు మొదటిసారి కొమ్మ మీంచి ఎగరాల్సిన రోజే నక్క కొంగను పిలిచింది. "అడ్మిషన్ల సీజన్ టీచరుగారూ! గూడుగూడుకీ తిరిగి కొత్త పిల్లల్ని పట్టుకురండి."

"పిచ్చుకపిల్లకి రెక్క విప్పడమే సరిగా రాలేదు సార్. నేను లేకపోతే పడిపోతుంది."

"క్లాసు నేను చూసుకుంటాలెండి. పక్క బడివాళ్లు అప్పుడే తిరిగేస్తున్నారు."

కొంగ కరపత్రాలు ముక్కున కరుచుకుని వెళ్లింది. నక్క కింద నిలబడి పిల్లలందర్నీ దూకమంది.

సాయంత్రం కొంగ ఒక పావురాన్నీ దాని పిల్లనీ వెంటబెట్టుకుని వచ్చింది. కొమ్మ కింద పిచ్చుకపిల్ల కదలకుండా పడి ఉంది. నక్క గబగబా దానిమీద కరపత్రం కప్పేసి, పావురానికి నమస్కారం పెట్టింది.

"సమయానికి వచ్చారమ్మా. ఇవాళే ఒక సీటు ఖాళీ అయింది."