రేవు విన్న మాట

ఒడ్డుకు కాస్త దూరంలో మరిది పడవ తిరగబడింది. వలలో కాలు చిక్కుకుని, అతను పడవ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు.

"వదినా! తాడు వెయ్యి!"

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఆమె తాడు అందుకుని, వేయకుండా అలాగే నిలబడింది.

"మూడేళ్ళ కిందట మీ అన్న మునిగిపోతూ పిలిచాడు. నీకు వినపడిందా?"

"ఆ గాలిలో ఏమీ వినపళ్ళేదని అప్పుడే చెప్పాగా!"

ఆమె తాడు కింద పెట్టేసింది.

"వినపడింది వదినా!" గొంతు చించుకుని అరిచాడు. "వెళ్తే నేనూ పోతానని పడవ తిప్పేశాను!"

అప్పుడు విసిరింది తాడు. కాళ్ళు నేలకు తన్నిపట్టి, అరచేతులు ఒరుసుకుపోతున్నా వదలకుండా లాగింది.

ఒడ్డున పడి దగ్గుతూ అతను ఆమె కాళ్ళు పట్టుకున్నాడు.

"నన్ను క్షమించావు వదినా. అంతే చాలు."

ఆమె పక్కకు తప్పుకుంది. కేకలు విని పరుగెత్తుకొచ్చి, అతను అరిచి చెప్పిందంతా విన్న రేవు జనమంతా ఆమె వెనక నిలబడి ఉన్నారు. అన్న కోసం మూడు రోజులు నీళ్ళు గాలించాడని ఇన్నాళ్ళూ అతన్ని మెచ్చుకున్నది వాళ్ళే.

"క్షమించడమా? నువ్వు పోయుంటే, పాపం పోయాడని వీళ్ళంతా ఆ మాట మరిచిపోయేవాళ్ళు. మంచివాడిగానే మిగిలిపోయేవాడివి. అందుకే లాగాను."