అరగంట వేటగాడు

నల్లమలలో దుప్పులు విపరీతంగా పెరిగిపోయాక సర్కారు వేటకు లాటరీ పెట్టింది. అందరికీ అవకాశం దక్కాలని, అడవిలో తొక్కిసలాట ఉండకూడదని మనిషికి అరగంట వంతు. అదీ మందలో జబ్బు చేసినదాన్నే కొట్టాలి. అదేదో చూపించే పని చెంచుల గురవమ్మది. సర్కారు ఇచ్చే మాట్లాడే తుపాకి మాత్రం వంతు వచ్చినవాడి వేలు తగిలితేనే పేలుతుంది.

ఆ ఉదయం వంతు ప్రభంజనరావుది. అడవికి సెంటు పూసుకొచ్చిన మనిషిని చూడగానే గురవమ్మకు ఒళ్లు మండింది. అయినా నీటిగుంట వైపు తూలుతూ వస్తున్న ఆడదుప్పిని చూపించింది. దాని నోట నురగ కారుతోంది.

“అదా? నాకు కొమ్ములది కావాలి.”

“కొమ్ములది గట్టిగా ఉండాది సారూ. ఇది నీళ్లల్లో మూతి పెడితే మందంతా పోతాది. కొట్టు.”

“మూడేళ్లు ఎదురుచూసింది ఈ బక్కదాని కోసమా? కొట్టను.”

దుప్పి నీటిని సమీపించింది. గురవమ్మ చటుక్కున అతని చెయ్యి పట్టుకుని, తనే గురిచూసి, అతని వేలిని మీట మీద అదిమి పేల్చింది. దుప్పి గట్టు మీదే కూలింది.

“నా చెయ్యే పట్టుకుంటావా? నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా!” అని ఎగిరాడు రావు.

అంతలో తుపాకి పలికింది. “అభినందనలు! ఒకే తూటా. మీకు మందరక్షక బిరుదు.”

రావు చల్లబడ్డాడు. జుట్టు సవరించుకుని, ముక్కు మూసుకుంటూ దుప్పి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

“కాస్త పక్కకు జరుగమ్మా, ఫొటోలో పడుతున్నావు.”

గురవమ్మ థూ అని ఉమ్మి, గొయ్యి తవ్వడానికి పార అందుకుంది.