సెలవుకు పోయిన ముద్ర

ఫోన్‌లో మెయిల్ వచ్చిన చప్పుడైంది. కోమల ఆశగా తెరిచింది. యూనివర్సిటీ పరీక్షల విభాగం రఘుపతి సారు నుంచి.

"వేసవి సెలవుల్లో ఉన్నాను. అత్యవసరమైతే ఇన్‌చార్జి గారికి రాయగలరు."

ఇన్‌చార్జి గారికి నిన్ననే రాసింది. క్షణంలో జవాబు వచ్చింది. ఆయనా సెలవులోనే ఉన్నాడు. అత్యవసరమైతే ఈయనకు రాయమన్నాడు.

పెద్ద చదువులు చదివినవాళ్ల ఏర్పాటు ఇలాగే ఉంటుంది. జవాబులు మిషన్లు రాస్తాయి. జీతాలు మనుషులు తీసుకుంటారు.

అందుకే కోమల దేవరకొండలో బస్సెక్కి యూనివర్సిటీకే వచ్చేసింది.

పరీక్షల విభాగం తెరిచే ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కుర్చీల్లో ఎవరూ లేరు. అటెండర్ యాదమ్మ ఒక్కతే బల్లలు తుడుస్తోంది.

"నీ పీజీ సర్టిఫికెట్ తయారై బీరువల్నే ఉంది బిడ్డా. రఘుపతి సారు సంతకం పెట్టి ముద్ర కొడితే అయిపాయె."

"ముద్రన్న ఉందా అక్కా?"

"సారు సెలవుకు పోతే ముద్ర గూడ సెలవుకు పోతది. ఇంకెవలన్న కొడ్తరని కార్ల పెట్టుకొని పోతడు."

"గట్లంటే ఎట్లక్కా? రేపు సాయంత్రం లోపల హైదరాబాద్ల ఇయ్యకపోతే గురుకులం టీచర్ పోస్టు పోతది. గీ పోస్టు నమ్ముకొని ఉన్న ప్రైవేటు బడి నౌకరి ఇడిసిపెట్టిన."

వరండా బెంచీ మీద కూర్చున్న ఒకాయన తలెత్తి చూశాడు. నడివయసు మనిషి. మెడలో తువ్వాల, మాసిన చొక్కా.

కోమల గొంతు తగ్గించింది. "ఆయన ఎవరక్కా?"

"ఏమో! పొద్దుగాల్నే వచ్చిండు. సారు ఈ వారంల వస్తడా అని అడిగిండు. రాడన్న. రాడంటే అందరు తిట్టుకుంట పోతరు. గీయన మొకం ఎలిగింది! కూసొని నిమ్మలంగ చాయ్ తాగిండు."

"బ్రోకరా?"

"బ్రోకరైతే గా తెగిన చెప్పులు ఎందుకేసుకుంటడు?"

ఆయనే లేచి దగ్గరికి వచ్చాడు.

"ఏం సబ్జెక్టు చెల్లే?"

"బాటనీ."

"పేరు?"

"కోమల. ఎందుకన్నా?"

ఆయన బయటికి నడిచాడు. బండి స్టార్ట్ చేసి గేటు దాటి వెళ్లిపోయాడు.

"చూసినవా? పేరడిగి పాయె," అంది యాదమ్మ. "ఎండకు మనుషులకు ఏమన్న అయితాందో ఏమో."

కోమల మెట్ల మీద కూలబడింది. ఫోన్ తీసి ఇంకో మెయిల్ రాయబోయి, ఎవరికి రాయాలో తెలియక ఆగిపోయింది.

కాసేపటికి బండి చప్పుడు. ఆయన తిరిగి వచ్చాడు. బండి దిగలేదు.

"యాదమ్మక్కా, సారు యాడున్నడు?"

"ఎవలికి చెప్పొద్దన్నడు."

"చెప్పకు. ఏ దిక్కున్నడో గా దిక్కుకు జర మొకం తిప్పు."

యాదమ్మకు నవ్వాగలేదు. "కొత్తకోటల, అత్తగారింట్ల ఉన్నడు. కాగితం గూడ తీస్కపోండ్రి. ముద్ర లేకుంటే అది చిత్తుకాగితమే," అంటూ బీరువాలోంచి సర్టిఫికెట్ తీసిచ్చింది.

"ఎక్కు చెల్లే."

కోమల కదల్లేదు. "గింత దూరం ఎందుకొస్తున్నవన్నా? నీకేం కావాలె?"

"జల్ది ఎక్కు. మల్ల నా మనసు మారుతది."

హైవే మీద వడగాలి మొహాన కొడుతోంది. ఆయన మెడలోని తువ్వాల తీసి వెనక్కిచ్చాడు. నెత్తికి చుట్టుకోమన్నాడు.

"ఏం పని చేస్తవన్నా?"

"ఏది దొరికితే గది."

"సదువుకోలేదా?"

"సదివిన. సదివితేనే గద గిట్లయింది," అని నవ్వాడు.

కొత్తకోటలో రఘుపతి సారు లుంగీ కట్టుకుని, వేపచెట్టు కింద కూర్చుని ముంజలు తింటున్నాడు.

"సెలవులల్ల ఇంటి మీదికొస్తరా? మెయిల్ పెట్టాలె గదా!"

"పెట్టింది సార్. మీ కంప్యూటరు జవాబిచ్చింది. మీరే ఇయ్యలే."

సారు మొహం చిట్లించాడు. "నువ్వెవరయ్యా? ఈమె అన్నవా?"

"కాదు."

"చుట్టానివా?"

"కాదు."

"మరి నీకేంటికి గింత ఎండల?"

"అదే నాకు గూడ సమజైతలేదు సార్. జర జల్ది కొట్టుండ్రి."

కారులోంచి ముద్ర బయటికి వచ్చింది. సంతకానికీ ముద్రకూ కలిపి ఒక ముంజ తినేంత సేపు కూడా పట్టలేదు.

హైదరాబాద్ బస్సు రాగానే కోమల తువ్వాల తిరిగి ఇవ్వబోయింది.

"ఉంచుకో. ఆడ గూడ ఎండనే."

"పేరన్న చెప్పన్నా!"

బస్సు కదిలింది. ఆయన బండి మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఉన్నాడు.

మరునాడు హైదరాబాద్‌లో గురుకులం ఆఫీసులో, క్లర్కు విజేందర్ సర్టిఫికెట్‌ను ముందూ వెనకా తిప్పి చూశాడు.

"బతికినవమ్మా. యూనివర్సిటీకి సెలవులంటే ఇగ నువ్వు రావనే అనుకున్నం. లిస్టుల నీ తర్వాతాయనకు మొన్ననే చెప్పినం, కోమల సర్టిఫికెట్ రాకపోతే పోస్టు నీదే, తయారుండు అని. పాపం, వయసు దాటిపోతాంది. ఆయనకు గిదే ఆఖరుసారి."

కోమల సంతోషం సగంలో ఆగింది. "ఎవరు సార్ ఆయన?"

"ఇస్రాయేలని, మీ దిక్కాయనే. ఆగు, ఆశపడి బయలెల్లుతడేమో, రావద్దని చెప్తా."

చేతి నిండా కాగితాలుండడంతో విజేందర్ ఫోన్‌ను బల్ల మీదే పెట్టి స్పీకర్ నొక్కాడు.

"ఇస్రాయేలు గారూ, మీరు రావల్సిన పని లేదు. ముందున్నామె సర్టిఫికెట్ తెచ్చింది."

అవతల బండి చప్పుడు ఆగింది.

"ఎరికే సార్," అంది నిన్నంతా బండి మీద కోమల విన్న గొంతు, "కొత్తకోటల ఆమెను బస్సెక్కిచ్చింది నేనే."